డాక్టరు గారి నెమ్మది పైపర్

నాకు చెవి లేదని నా ముఖం మీద చెప్పిన మనిషి ఒక్కరే. ఆయన ఊపిరితిత్తుల డాక్టరు, గుంటూరు వైపు వారు, ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న డార్విన్‌లో మాకంటే పదేళ్ళు ముందు స్థిరపడ్డవారు. చెవి అంటే ఇక్కడ సంగీతం వినే చెవి. ఆ మాట ఆయన ఎనిమిది మంది ముందు అన్నారు. అది తప్పని ఆ ఎనిమిది మంది ముందే నిరూపించాలని నేను వానలు పడని ఒక డ్రై సీజన్ మొత్తం కోరుకున్నాను. నిరూపించాననే చాలాకాలం చెప్పుకున్నాను. ఎంతవరకు నిరూపించానో, అందుకు ఏది పోయిందో కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను. ఆయన మీద అప్పటి కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు కాబట్టి చదివేవారు నా విశేషణాలను కొంత తగ్గించి చదువుకోవచ్చు. అంకెలను తగ్గించనక్కర లేదు.

ఎనభైల చివరి సంవత్సరాలవి. మా ఆయన అక్కడి ఆసుపత్రిలో ఫార్మసిస్టు. నేను పవర్ హౌస్‌లో రక్షణ విభాగపు ఇంజనీరుని. లైను మీద లోపం వచ్చినప్పుడు ఏ బ్రేకరు ఏ క్షణంలో తెరుచుకోవాలో నిర్ణయించే రిలేలను పరీక్షించడం నా పని. డార్విన్ కరెంటు దేశంలోని మిగతా ఊళ్ళ కరెంటుతో కలవదు. ఊరికి ఊరే ఒక ద్వీపం. ఒక జనరేటర్ హఠాత్తుగా ఆగితే మిగిలినవాటి మీద బరువు పడి, సెకనుకు యాభై సార్లు ఊగవలసిన కరెంటు నలభై తొమ్మిదికో అంతకు కిందికో జారుతుంది. ఆ యాభై అనే ఫ్రీక్వెన్సీని కాపాడడానికే నాకు జీతం ఇచ్చేవారు. ఈ సంగతి చదివేవారు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఆ సీజన్‌లో దాన్ని మరిచిపోయింది నేనే.

ఐరిష్, స్కాటిష్ బాణీలను నాకు పరిచయం చేసింది మా వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసే ఫిట్టర్. ఆయన తాత ఐర్లండ్ నుంచి వచ్చినవాడు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే సాండ్‌విచ్ పక్కనే రేకు విజిల్ ఉండేది. తిన్న తరువాత పది నిమిషాలు వాయించి, విజిల్‌ను గుడ్డతో తుడిచి మళ్ళీ డబ్బాలో పెట్టేవాడు. ఒకరోజు పైపుల క్యాసెట్ ఒకటి ఇచ్చాడు. నోటితో ఊదకుండా మోచేతి కింద తిత్తిని నొక్కుతూ వాయించే ఐరిష్ పైపులు. బాణీ పైన నడుస్తుంటే కింద ఒకే స్వరం ఆగకుండా మోగుతూ ఉంటుంది. నేను బాపట్ల చర్చిలో హార్మోనియం పక్కన నిలబడి పాడుతూ పెరిగినదాన్ని. వీధి భాగవతం వాళ్ళ వెనక శ్రుతి కోసం పట్టే తిత్తిని కూడా చిన్నప్పుడు విన్నాను. కదలని స్వరం మీద కదిలే బాణీని వినడం నాకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది.

ఆరు నెలల్లో నాకంటూ ఒక జాబితా తయారైంది. స్కాట్లండ్ ఉత్తరపు దీవుల ఫిడేలు విద్వాంసుడు ఒకాయన. ఆయన విల్లు దిశ మార్చే చోటు ఎంత వెతికినా దొరకదు. బ్రిటనీ నుంచి వచ్చిన హార్ప్ విద్వాంసురాలు ఒకామె. మీటిన తీగను చేత్తో ఆపదు, దాని చావు దాన్ని చావనిస్తుంది. జాజ్‌లో ఒక డబుల్ బేస్ వాద్యకారుడు. తాళం పడిన తరువాత రవ్వంత ఆగి స్వరం వేస్తాడు. ఆ రవ్వంత ఎంతో పవర్ హౌస్‌లోని ఆసిలోస్కోపు మీద కొలిచి చూశాను. ముప్పై నుంచి నలభై మిల్లీసెకన్లు, పాట మొదటి నుంచి చివరి దాకా అంతే. మనిషి అంత క్రమంగా ఆలస్యం కాగలడని నాకు అప్పటిదాకా తెలియదు. ఈ వివరాలన్నీ గళ్ళు గీసిన నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని: వాద్యం, శ్రుతి, వేగం, ఎందుకు ఇష్టం.

డాక్టరు గారికి కూడా ఇదే సంగీతం మీద మక్కువ అని మా ఆయనే ఆసుపత్రిలో విని వచ్చారు. డార్విన్ తెలుగువాళ్ళలో ఐరిష్ పైపులు వినేవాళ్ళు ఇద్దరున్నారంటే ఆ ఇద్దరూ స్నేహితులు కావాలి కదా. అలా అనుకునే వెళ్ళాము.

స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇల్లు, గోడలకు బదులు దాదాపు అన్నీ అద్దం పలకలు వాల్చి మూసే లూవర్ కిటికీలే. నెలకు రెండు శనివారాలు "ఆర్వోకి వచ్చెయ్యండి" అని పిలుపు వచ్చేది; ఆర్వో అంటే అక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం. ముందు కింద బార్బీ పొయ్యి మీద పచ్చిమిర్చి ముద్ద పట్టించిన బారముండి చేప. మూడు గంటలకు అందరూ పైకి. రెండు తెలుగు కుటుంబాలు, ఊళ్ళోని ఫోక్ క్లబ్ నుంచి ముగ్గురు నలుగురు తెల్లవాళ్ళు. పైకి వెళ్ళగానే డాక్టరు గారు లూవర్లన్నీ మూయించి, ఫ్యాన్లు ఆపించేవారు. ఫ్యాను చప్పుడు సంగీతంలో కలవకూడదు. మాట్లాడకూడదు, విసురుకోకూడదు. చెమట మెడ మీంచి వీపు మీదికి కారుతుంటే అలాగే కూర్చోవాలి. ముందు ఆయన ఉపన్యాసం, తరువాత టేపు, తరువాత ఆయన తీర్పు.

టేపు అంటే క్యాసెట్ కాదు, పెద్ద రీళ్ళు తిరిగే అమెరికన్ డెక్. కొలువు ముగించుకుని తిరిగి వెళ్ళిపోతున్న అమెరికన్ ఒకడు దాన్ని, దానితోపాటు నలభై రీళ్ళను డాక్టరు గారికి అమ్మాడు. ఆ రీళ్ళు అతను తన ఊళ్ళో, ఒక బార్‌లో, ఆ డెక్ మీదే రికార్డు చేసుకున్నవి. డార్విన్‌లో ఉన్నన్నాళ్ళు ఆ పెట్టె విప్పనే లేదట. అట్టపెట్టెల మీద పెన్సిల్‌తో ‘పైపులు’, ‘క్లారినెట్’ అని మాత్రమే ఉంది. ఎవరు వాయించారో తెలియదు, ఇంకెక్కడా దొరకవు. డాక్టరు గారికి నచ్చింది అదే. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని సంగీతం ఆయన ఇంట్లో ఉంది. అమెరికన్ యంత్రానికి వోల్టేజీ సగమే కావాలి కాబట్టి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టించి, తన జాగ్రత్తను అందరికీ చూపించేవారు.

మొదటి శనివారమే ఆయన మా అందరికీ ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ నుంచి తలా ఒక కాగితం చింపి ఇచ్చారు. ఇష్టమైన వాద్యకారులను ఐదుగురిని వరుసగా రాయాలి. ఆయన గట్టిగా చదివి, వ్యాఖ్యానించి, ఫ్రిజ్ తలుపు మీద అంటిస్తారు. నేను ఫిడేలు ఆయనను మొదట రాశాను.

"ఫస్ట్ ప్లేస్ ఫిడ్లర్‌కా? అమ్మాయ్, అది ఫుట్‌ట్యాపింగ్ మ్యూజిక్. నువ్వు విన్నది కాలితో, చెవితో కాదు. మీ చర్చిల్లో చప్పట్లు గట్టిగా పడితే చాలు కదా, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?"

తరువాత నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగారు. "ఏమయ్యా, నీ మిసెస్‌కి గవర్నమెంటు మీటర్లిచ్చింది గానీ దేవుడు చెవి ఇవ్వలేదోయ్."

ఎవరో నవ్వారు. మా ఆయన కూడా మర్యాద కోసం సగం నవ్వారు. ఆ సగం నవ్వుకు నేను ఇంటికి వెళ్ళాక సమాధానం అడిగాను. ఆంటీ, అంటే డాక్టరు గారి భార్య, "ఊరుకోండి, మీరు మరీనూ" అంటూ నా చేతిలో ప్లేటు పెట్టారు. ఆవిడ ఎప్పుడూ అదే మాట అనేవారు. ఆయన ఎప్పుడూ ఊరుకునేవారు కాదు.

అలాంటి ఇంటికి మళ్ళీ ఎందుకు వెళ్ళావని అడిగితే, టేపులో పైపులు వాయించిన పైపర్ కోసం. అబద్ధం చెప్పను. ఆ రోజు అవమానం మింగుతూ విన్నప్పటికీ, రెండో రీలులోని ఆ పైపర్ నన్ను కూర్చోబెట్టాడు. అందరూ పరుగెత్తించే డాన్స్ బాణీని అతను నడిపించాడు. మిగతా పైపర్లు చిటికెలా విసిరేసే గమకాలను విప్పి, లోపల ఏముందో చూపించాడు. వాద్యం శ్రుతి కూడా ఎంతో లోతుగా ఉండేది. మామూలుగా ఈ పైపులు డి అనే శ్రుతిలో ఉంటాయి, ఇవి అంతకు మూడు స్వరస్థానాలు కింద, బి శ్రుతిలో మోగేవి. అలా కింది శ్రుతికి చేసిన అరుదైన పైపులు నిజంగానే ఉన్నాయి. ఇవి అవేనని డాక్టరు గారు తేల్చారు. క్లారినెట్ ఆయన సంగతి సరేసరి. ఒకే ఊపిరిలో ముప్పై ఆరు సెకన్లు. డాక్టరు గారు స్టాప్‌వాచీ పట్టుకుని, ఇంత ఊపిరి పట్టాలంటే ఛాతీ కొలత ఎంతుండాలో, అలాంటి ఊపిరితిత్తులు లక్షలో ఒకరికి ఎందుకుంటాయో వివరించేవారు. పైపుల టేపులో మూడో నిమిషం పూర్తయ్యేసరికి శ్రోతల్లో ఒకాయన దగ్గుతాడు, వెంటనే చిన్నగా మూలుగుతాడు. ఆ దగ్గుకు కూడా ఆయన దగ్గర రోగ నిర్ణయం ఉండేది.

మా ఫిట్టర్‌ను ఒకసారి వెంట తీసుకెళ్ళాను. అతను టేపుతో కలిపి వాయిద్దామని విజిల్ తీశాడు. అది డి విజిల్, టేపులోని పైపర్‌తో కలవలేదు. కలవదని తెలిసి వాయించమన్నది డాక్టరు గారే. వాయించాక, మంచి కళాకారుల శ్రుతి అందరికీ అందదని జాలిగా చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు ఫిట్టర్ విజిల్‌ను గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ పైపర్ వేళ్ళు తేనెలో ఉన్నాయని, తన జన్మలో అంత నింపాదిగా గమకం వేసినవాణ్ణి చూడలేదని మాత్రం అన్నాడు. దాన్ని నేను ప్రశంస అనుకున్నాను. అతను ఇక ఆ ఇంటికి రాలేదు.

జులైలో నేను కాగితం మార్చి రాసి ఇచ్చాను. మొదటి స్థానం పేరు తెలియని పైపర్‌ది. అది నిజంగా నా అభిప్రాయం. డాక్టరు గారు మాత్రం దాన్ని తన వైద్యం ఫలించినట్లు అందరికీ చూపించారు. బహుమతిగా ఆ రీలును ఒక క్యాసెట్‌కు ఎక్కించి ఇచ్చారు. ఇస్తూ ఒక షరతు పెట్టారు.

"ఇది ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదు. ఎవరికీ. అర్థమైందా?"

అర్థమైందన్నాను. ఇంటికి వెళ్ళి నోటుపుస్తకంలో గడులు నింపాను. శ్రుతి: ల్యాబ్‌లోని ఫ్రీక్వెన్సీ కౌంటర్ మీద కొలిచాను, బి స్వరం కంటే పదహారు సెంట్లు తక్కువ. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి ఉన్న దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంట్. వేగం: నిమిషానికి తొంభై మూడు తాళాలు. ఎందుకు ఇష్టం: దానికి రెండు పేజీలు పట్టింది. ఆ ‘పదహారు సెంట్లు తక్కువ’ అన్న అంకె నెలన్నర నా పుస్తకంలో నా చేతిరాతతో ఉంది. ఎందుకు పదహారు అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆగస్టులో ఒక శనివారం. లూవర్లు మూసి ఉన్నాయి, ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. డెక్‌కు దగ్గరగా ఉన్న కుర్చీ ఆ రోజు నాది. వంటగది తలుపు తెరిచే ఉండడం వల్ల ఫ్రిజ్ రొద సన్నగా వినబడుతోంది. పైపర్ రెండో బాణీ మధ్యలో ఉండగా శ్రుతి జారింది. జారడమంటే మెల్లగా, మొత్తం వాద్యం ఒక మెట్టులో సగం కిందికి కుంగింది. వేగం కూడా తగ్గింది. ఎవరైనా టేపు చెడిందనే అనుకుంటారు. కానీ అదే క్షణంలో ఫ్రిజ్ రొద కూడా కుంగింది. పైపర్, ఫ్రిజ్ కలిసి కిందికి దిగారు, కొన్ని సెకన్ల తరువాత కలిసి పైకి ఎక్కారు.

నేను లేచి నిలబడ్డాను. ఎక్కడో జనరేటర్ ఆగిందని, నా రిలేలు కొన్ని వీధులను తెంచి మిగతా ఊరిని నిలబెట్టాయని నాకు తెలుసు. ఈ డెక్ మోటారు కరెంటు ఊపును బట్టి తిరిగే రకమని కూడా అప్పుడే తెలిసింది. నేను లేవడం డాక్టరు గారు చూశారు.

"చెయ్యి పెట్టావా?"

"లేదంకుల్. కరెంటు..."

"కరెంటు పోలేదుగా, లైటు వెలుగుతూనే ఉంది. మెషీన్ పక్కన కూర్చున్నది నువ్వు, లేచింది నువ్వు. టేప్ స్ట్రెచ్ అయ్యుంటే నాకింకో కాపీ ఎక్కడుంది?" ఫోక్ క్లబ్ వాళ్ళ కోసం అదే విషయం ఇంగ్లీషులో మళ్ళీ చెప్పారు. "సరే, ఇంజనీరువి కదా. నీ వల్ల చెడింది, నువ్వే బాగుచేసి పెట్టు."

ఆ పని నాకు ఆయనే అప్పగించారు. నేను అడగలేదు.

బాగుచేసే నెపంతో డెక్‌ను ముందుకు లాగి వెనక రేకు చూశాను. నూట పదిహేడు వోల్టులు, అరవై హెర్ట్జ్. అరవై. అమెరికాలో కరెంటు సెకనుకు అరవై సార్లు ఊగుతుంది, మన దగ్గర, ఆస్ట్రేలియాలో యాభై. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, ఊపును మార్చదు. కాబట్టి డాక్టరు గారు కొన్న రోజు నుంచి ఆ యంత్రం ఆరింట ఐదు వంతుల వేగంతో తిరుగుతోంది. ఆరింట ఐదు వంతులంటే మూడు స్వరస్థానాలు, ఆపైన పదహారు సెంట్లు కిందికి. అరుదైన బి పైపులు లేవు. మామూలు డి పైపులే, మామూలు బార్‌లో. ముప్పై ఆరు సెకన్ల ఊపిరి ముప్పై సెకన్లే.

సోమవారం కంట్రోల్ రూములో చార్టు కాగితం తీసి చూశాను. శనివారం మధ్యాహ్నపు ఫ్రీక్వెన్సీ గీత నలభై ఎనిమిదిన్నర దాకా దిగి లేచింది. నా లెక్కకు అంతకంటే సాక్ష్యం అక్కర లేదు. ఆ కాగితం ముందు కూర్చుని నన్ను నేను తిట్టుకున్న తిట్లు డాక్టరు గారు నన్ను ఎన్నడూ తిట్టలేదు. ఫ్రీక్వెన్సీ కొలవడమే బతుకుతెరువైన మనిషిని. నాలుగు నెలలు దాని ముందు చెమట కారుస్తూ కూర్చుని, ఫ్రిజ్ చెప్పేదాకా తెలుసుకోలేదు.

ఉపాయం చిన్నది. మోటారు ఇరుసు మీద బెల్టు తిరిగే కప్పీ వ్యాసం పది మిల్లీమీటర్లు. దానికి ఒక మిల్లీమీటరు మందం ఇత్తడి కాలర్, అంటే గుండ్రటి కట్టు, తొడిగితే పన్నెండు అవుతుంది, పన్నెండుకు పది అంటే అరవైకి యాభై. కాలర్‌ను మా ఫిట్టర్ లంచ్ విరామంలో లేత్ మీద తీశాడు, రెండు చిన్న మరలతో. అది దేనికో తెలిశాక ఇంకొంచెం మెరుగు పెట్టి మరీ ఇచ్చాడు.

మా ఆయనకు భోజనాల దగ్గర చెప్పాను. ముందు డాక్టరు గారికి విడిగా చెప్పమని ఆయన నన్ను మూడు రోజులు బతిమాలారు.

"రేపు వార్డులో ఆయన మొహం చూడాల్సింది నేను. ఫోన్ చేసి చెప్పేస్తే ఏం పోతుంది? పెద్దాయన."

"నన్నన్నప్పుడు విడిగా అన్నారా?"

"నువ్వు ఇది మెషీన్ కోసం చేస్తున్నావా, ఆయన కోసం చేస్తున్నావా?"

ఆయన కోసమే అన్నాను. అందులో దాపరికం లేదు, ఇప్పుడూ లేదు.

సెప్టెంబరు శనివారం. వానలకు ముందు పట్టే బిల్డప్ ఉక్క మొదలైంది. పై గదిలో గాలి తడిబట్టలా ఉంది. అందరూ కింద బార్బీ దగ్గర ఉండగానే నేను పైకి వెళ్ళి, కాలర్ తొడిగి, మరలు బిగించి, మూత పెట్టేశాను. నాలుగు నిమిషాలు. డాక్టరు గారు వచ్చి బాగైందా అని అడిగితే, అయిందంకుల్, వేగం సరిగ్గా ఉంటుంది అన్నాను. ప్రతి మాటా నిజమే చెప్పాను.

ఎనిమిది మంది కూర్చున్నారు. మొదటి శనివారం ఉన్నవాళ్ళలో ఒక్కరే మారారు. డాక్టరు గారు ఆ రోజు ఉపన్యాసం పొడిగించారు. ఎందుకంటే క్లబ్‌కు కొత్తగా వచ్చిన ఒకామెకు అన్నీ మొదటి నుంచి చెప్పాలి. అరుదైన బి పైపుల గురించి చెప్పారు. హడావుడి లేని పాత సంప్రదాయం గురించి చెప్పారు. చివరికి దగ్గు.

"మూడో మినిట్‌లో ఒకతను దగ్గుతాడు. వినండి. సిక్స్టీ దాటినవాడు, ఫార్టీ ఇయర్స్ స్మోకర్, క్రానిక్ బ్రాంకైటిస్. ఎక్స్‌రే అక్కర్లేదు నాకు." ఇంగ్లీషులో చెప్పి, మా కోసం తెలుగులో కూడా చెప్పారు.

ఆపమనడానికి అప్పుడు కూడా సమయం ఉంది. మా ఆయన నా వైపు చూస్తున్నారు. నేను డెక్ వైపు చూశాను.

పైపర్ మొదలెట్టాడు. మొదటి రెండు క్షణాల్లో గదిలో ఎవరికీ అర్థం కాలేదు, డాక్టరు గారికి తప్ప. ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పైపులు సన్నగా, పైశ్రుతిలో, చలాకీగా పరుగెత్తాయి. అంత నింపాదిగా విప్పి చూపించిన గమకాలు టకటకా రాలిపోయాయి. రెండో బాణీకి మళ్ళేచోట అతను తడబడి సర్దుకున్నాడు. నెమ్మదిలో అదొక విరామంలా, ఆలోచనలా వినిపించేది. బాగానే వాయించాడు. అలా వాయించేవాళ్ళు మా ఫిట్టర్ క్యాసెట్లలో డజను మంది ఉన్నారు.

ఆయన లేచి మీట నొక్కి ఉండవచ్చు. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో నాకు తెలియదు. మూడో నిమిషం పూర్తయ్యేదాకా ఆగనక్కర లేకుండా, రెండున్నర నిమిషాలకే దగ్గు వచ్చింది. ఒక అమ్మాయి. ఇరవై ఏళ్ళుంటాయేమో. గొంతు సవరించుకున్నట్లు చిన్న దగ్గు, వెంటనే పక్కవాళ్ళతో ఒక నవ్వు. మేమంతా నెలల తరబడి ముసలాయన మూలుగు అనుకున్నది ఆ నవ్వు.

మొదట నవ్వింది ఆంటీ. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆవిడ మొదలెట్టాక మిగతావాళ్ళకు ఇక మర్యాద అడ్డు రాలేదు. క్లబ్ ఆమె ఒకరు, క్రానిక్ బ్రాంకైటిస్ ఎంత త్వరగా నయమైందో అన్నారు. డాక్టరు గారు నన్ను చూడలేదు, భార్యనే చూస్తూ నిలబడ్డారు. నేను లేచి అరవై, యాభై, కప్పీ వ్యాసం అన్నీ క్రమంగా, చిన్న వాక్యాల్లో వివరించాను. ముందే తయారు చేసుకున్నవే.

అంతా విని, నవ్వులు సద్దుమణిగాక ఆయన తెలుగులోనే అన్నారు. క్లబ్ వాళ్ళకు అనువదించలేదు.

"నాలుగు నెలలు నా పక్కనే కూర్చున్నావమ్మా. నువ్వూ ఫస్ట్ ప్లేస్ ఇచ్చావు. ఇవాళ కూడా విన్నది నీ మీటరే. చెవి కాదు."

ఆయనను క్షమించకపోవడానికి మొదటి అవమానం కంటే ఈ మాటే పెద్ద కారణం, ఎందుకంటే ఇది తప్పని నిరూపించడానికి నా దగ్గర పరికరం లేదు. నా చెవి ఫ్రిజ్‌కు పనికొచ్చింది, పైపర్‌కు పనికిరాలేదు. ఫ్రిజ్ తలుపు మీద నా చేతిరాత కాగితం ఇంకా అంటించే ఉంది. వెళ్ళేటప్పుడు దాన్ని పీకి తెచ్చుకున్నాను.

మళ్ళీ పిలుపు రాలేదు. రెండు మరలు వదులు చేస్తే కాలర్ ఊడి వస్తుంది, పాత వేగం వస్తుంది. ఆ సంగతి ఆ రోజే చెప్పాను కూడా. ఆయన తీయలేదని ఆంటీ మార్కెట్లో కనబడి చెప్పారు. తప్పని తేలినదాన్ని తన ఇంట్లో, తన చేత్తో మళ్ళీ నడిపించడం ఆయనకు చేతకాలేదు. డెక్ మీద గుడ్డ కప్పేశారట. శనివారాలు చాలా ప్రశాంతంగా ఉన్నాయని ఆంటీ అన్నారు. నా మీద కోపంతో అన్నారో, కృతజ్ఞతతో అన్నారో నేను తేల్చుకోలేదు, అడగనూ లేదు. మా ఆయనకు మాత్రం ఆసుపత్రిలో ఆ ఏడాది తేలిగ్గా గడవలేదు. ఆ బాధ్యత నాది, ఒప్పుకుంటాను.

తొంభైల మొదట్లో పెర్త్‌కు మారి కానింగ్ వేల్‌లో ఇల్లు తీసుకున్నాం. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోను మోగుతోంది. డాక్టరు గారు. మా ఆయన కోసం కాదు, నాతోనే పని అన్నారు. కొత్త ఇంటి గురించి, ఎండల గురించి అడిగాక అసలు విషయానికి వచ్చారు.

"అమ్మాయ్, నీ దగ్గర ఒక క్యాసెట్ ఉండాలి. నేనిచ్చింది. పాత స్పీడ్‌ది."

"ఉందంకుల్."

"దానికో కాపీ తీసి పంపిస్తావా? తొందరేం లేదు. నీకు వీలైనప్పుడే."

ఆ మనిషి గొంతులో ‘నీకు వీలైనప్పుడే’ అన్న మాట నేను అంతకు ముందు వినలేదు. అది ఎంత కష్టపడి అన్నారో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదని మీరే అన్నారు కదా."

"నాక్కూడానా?"

"ఎవరికీ అన్నారు."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఆయన చాలా మెల్లగా ఫోను పెట్టేశారు. పక్కనే ఉన్న మా ఆయన అంతా విన్నారు. లేచి తోటకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం ముందుగది కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, క్యాసెట్ పెట్టుకున్నాను. బి కంటే పదహారు సెంట్లు తక్కువలో, నిమిషానికి తొంభై మూడు తాళాల మీద అతను నడిచి వచ్చాడు. ప్రపంచంలో ఎప్పుడూ, ఎక్కడా ఎవరూ అలా వాయించలేదు. నా జాబితాలో మొదటి స్థానం అతనిదే. చెమట మెడ మీంచి వీపు మీదికి కారింది. కదలకుండా కూర్చున్నాను. మూడో నిమిషం చివర ముసలాయన దగ్గాడు.